కొత్త టైర్లు ఎప్పుడూ వెనకే

ఊళ్లు తిరగడం నాకు జబ్బు. తిరిగిన చోటల్లా కార్లు బాగుచేసే షెడ్డు కనిపిస్తే అక్కడ కూలబడటం అంతకంటే ముదిరిన జబ్బు. చాలా ఏళ్ల కిందట అలా దొరికినవాడే నిదానం మేస్త్రి. రోడ్డు మీద సైకిళ్లు కూడా ఆయన కారును దాటిపోయేవి, అందుకే ఆ పేరు. అలాంటి మనిషికి యాభై దాటాక, కారును పక్కకు జారిస్తూ మలుపు తిప్పే డ్రిఫ్టింగు పిచ్చి పట్టింది.

"దానికి ఖరీదైన బండి అక్కర్లేదండీ. ఇంజను బలం వెనక చక్రాలకు అందాలి, గేర్లు చేత్తో వెయ్యాలి. అంతే," అనేవాడు నాతో.

అలాంటి బండి వాళ్ల అక్క మొగుడి దగ్గరే ఉంది. ముప్పై ఏళ్లు టాక్సీగా తిరిగి మూలన పడింది. బావ తాళాలిస్తూ ఒక మెలిక పెట్టాడు.

"సోమవారం పాత ఇనుపకొట్టువాడు వస్తాడు. ఈలోగా జారిందా, నీది. లేదా, వాడిది."

మేస్త్రి వారం రోజులు షెడ్డు వదల్లేదు. వెనక సీటు పీకేశాడు. వెనక చక్రాలు రెండూ ఒక్కటిగా తిరిగేలా ఇరుసు మధ్య పళ్లచక్రాలను వెల్డింగు చేశాడు. ముందు చక్రాలు నేలను పట్టుకోవాలి, వెనకవి వదిలెయ్యాలి. అందుకని కొత్త టైర్లు ముందు వేసి, అరిగినవి వెనక వేసి గాలి దట్టించాడు. పడవల మీద నేను చదివిన పుస్తకాల్లో పడవను తిప్పే చుక్కాని వెనకే ఉండేది. మరి మంచి టైర్లూ వెనకే ఉండాలేమో అంటే, "పడవలకు టైర్లుండవు కదండీ," అని నా నోరు మూయించాడు.

ఆదివారం అక్కా బావా, నేనూ చూస్తుండగా గిడ్డంగి వెనక సిమెంటు నేల మీదికి బండి దిగింది. మేస్త్రి స్టీరింగు తిప్పాడు, హ్యాండ్‌బ్రేకు లాగాడు. బండి ముక్కుసూటిగా పోయింది. అయిదుసార్లు తిప్పినా అంతే.

"అచ్చం నీలాగే ఉందిరా, చెప్పిన మాట వినదు," అంది అక్క.

మేస్త్రి దిగి, మోకాళ్ల మీద కూర్చుని టైర్లు తడిమాడు. "వీటినెవరు మార్చారు?"

"నేనే," అన్నాడు బావ. "అరిగినవి వెనకేశావు. మతిమరుపేమోలే అని పొద్దున్నే సర్దేశాను. గాలి కూడా తగ్గించాను."

"అడగొచ్చుగా బావా."

"వెనక జనం కూర్చుంటారు కదరా."

"సీటే లేదుగా."

బావ కిటికీలోంచి ఆ ఖాళీలోకి చాలాసేపు చూశాడు. వానలో పురిటినొప్పులతో ఎక్కిన ఇల్లాలు, ఉద్యోగం పోయిన రోజున దిగడం మరిచిపోయి కూర్చున్న గుమాస్తా. వాళ్ల కబుర్లు ఆయన నోట ఎన్నిసార్లు విన్నానో. చివరికి జాకీ ఆయనే తెచ్చాడు. టైర్లు మార్చాక, తన బండిలో మొదటిసారి డ్రైవరు పక్క సీట్లో కూర్చున్నాడు.

ఈసారి బండి తోక విసిరింది. పొగలో సగం చుట్టు జారి వచ్చి మా ముందు ఆగింది. బావ కుడికాలు లేని బ్రేకును ఇంకా తొక్కుతూనే ఉంది.

"ఏమండీ, ఇనుపకొట్టువాడికి ఏం చెప్పమంటారు?" అంది అక్క.

"రావద్దను," అన్నాడాయన. తర్వాత బావమరిది వైపు తిరిగి, "ఇంకో చుట్టు తిప్పరా. కాస్త నిదానంగా," అన్నాడు.