ఎయిర్‌పోర్టు పెళ్లిచూపుల్లో నా ఇంగ్లీషు ప్రతాపం

ఇంగ్లీషు రాక సంబంధం చెడినవాళ్లను మీరు చూసే ఉంటారు. ఇంగ్లీషు మరీ ఎక్కువ వచ్చినట్టు నటించి, అన్నీ కుదిరిన సంబంధాన్ని ఎయిర్‌పోర్టు ముందు చేజేతులా చెడగొట్టుకోబోయినవాణ్ణి చూశారా? చూడకపోతే ఇటు తిరగండి. ఆ ఘనుడు నేనే.

అప్పట్లో షాద్‌నగర్‌లో ఒక ఫ్యాక్టరీ స్టోర్స్‌లో పనిచేసేవాణ్ణి. ఫోన్‌లో అక్షరాల బిళ్లలు పేర్చి ఇంగ్లీషు మాటలు కట్టే ఆట ఉంటుంది చూశారూ, ఆ పిచ్చి నన్ను పట్టుకుంది. బస్సులో అదే ఆట, అన్నం దగ్గర అదే ఆట. ఎక్స్, క్యూ, జెడ్ అక్షరాలకు పాయింట్లు ఎక్కువ కాబట్టి, అవి ఉన్న వింత మాటలన్నీ ఏరి బట్టీపట్టాను. ఇక్కడే ఉంది తిరకాసు. ఆ మాట ఇంగ్లీషులో ఉందా లేదా అన్నదే ఆటకు కావాలి, అర్థం ఎవడూ అడగడు. ఎవడూ అడగనిదాన్ని నేనెందుకు చదువుతాను? ఏ మాటకు ఎన్ని పాయింట్లో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి. అర్థం మాత్రం మెలకువలో అడిగినా తెలియదు.

ఈ రహస్యం తెలియని నర్సింహ మామ, అంటే మా అమ్మ తమ్ముడు, ఎయిర్‌పోర్టు దగ్గరి కందుకూరులో నాకు సంబంధం చూసి, "మా శీనుగాని నోట్లెనే డిక్షనరీ ఉన్నదనుకో" అని వాళ్లకు చెప్పి వచ్చాడు. అమ్మాయి పేరు స్వప్న. ఎయిర్‌పోర్టులో చెక్-ఇన్ కౌంటర్ దగ్గర ఉద్యోగం. పంతులుగారు మంచిదన్న రోజున ఆమెకు సెలవు దొరకలేదు. అందుకని మా పెళ్లిచూపులు ఎయిర్‌పోర్టు బయట, కాఫీ కొట్టు బల్ల దగ్గర పెట్టుకున్నారు. ట్రాలీలు తోసుకుంటూ పోయేవాళ్లు మా అమ్మ మూత తీసిన సకినాల డబ్బా వంక ఆశగా చూస్తున్నారు.

స్వప్న యూనిఫారంలో, మెడలో ఐడీ కార్డుతో గబగబా వచ్చి కూర్చుంది. చూడగానే నచ్చింది. మామూలుగా కాదు, ఈ అమ్మాయి కాదంటే ఇక పెళ్లే వద్దు అనిపించేంతగా నచ్చింది. బుద్ధున్నవాడైతే అక్కడ నోరు మూసుకుని సకినం నమిలేవాడు.

వాళ్ల నాన్న మల్లయ్య గారు రైతు. కుర్చీ ముందుకు జరుపుకుని, "బిడ్డా, నీకు మస్తు ఇంగ్లీష్ వస్తదంట గద. ఎవ్వలికి తెల్వని మాట ఒకటి చెప్పరాదు" అన్నారు.

నేను గొంతు సవరించుకుని, "ఆక్స్‌టర్" అన్నాను.

"అబ్బ! అంటే ఏంది?"

ఆట ఎన్నడూ అడగని ప్రశ్న అది. స్వప్న కూడా కాఫీ కప్పు దించి నన్నే చూస్తోంది. తెలియదంటే నా పరువేం కాను? "ఆప్యాయత అన్నట్టు, అంకుల్" అనేశాను.

మల్లయ్య గారి మొహం వెలిగిపోయింది. "గట్లనా! మా ఇంట్ల ఆక్స్‌టర్‌కు కొదువ లేదు బిడ్డా. మా నాయిన ఆక్స్‌టర్ గురించి అయితే ఊరంత చెప్పుకుంటుండె."

"మాకు సుత గదే కావాలె అన్నా" అంది మా అమ్మ. "పిల్ల జర ఆక్స్‌టర్‌తోని వస్తే సాలు."

స్వప్నకు పొలమారింది. పాపం, సిగ్గు కాబోలనుకుని నీళ్ల సీసా అందించాను. ఆమె దగ్గు ఆపుకుని, "మరి క్విర్ట్ అంటే ఏందండీ?" అని అడిగింది.

నేను బట్టీపట్టిన మాటే! "వినయం" అన్నాను, కళ్లు దించుకుని.

"చూసినవా, పిలగానికి ఎంత క్విర్ట్ ఉన్నదో!" అని మల్లయ్య గారు మురిసిపోయారు.

"మరి జల్బిక్స్?" అంది స్వప్న.

ఈ మాట నేనెన్నడూ వినలేదు. అక్కడైనా ఆగవచ్చు కదా? ఆగితే నేనెందుకవుతాను! "ఓ, జల్బిక్సా! పాత మాటండీ. రాజుల కాలంల చుట్టాలకు ఎదురువోయి స్వాగతం చెప్పుడు. మొన్ననే ఆ మాట పెట్టి ఆట గెలిచిన. ఎక్స్ ఉన్నది గద, పాయింట్లు మస్తు వచ్చినయ్."

స్వప్న కప్పు బల్ల మీద పెట్టింది. "అది మాటే కాదండీ. ఇప్పుడే నేను పుట్టించిన."

నెత్తి మీద నుంచి ఏదో విమానం పోతోంది. చక్రం పట్టుకునైనా వేలాడుతూ వెళ్లిపోదామనిపించింది.

"మేం సుత బ్రేక్‌ల గదే ఆట ఆడుతం" అంది స్వప్న. "కాకపోతే నేను అర్థాలు చూసుకుంట. క్విర్ట్ అంటే గుర్రాన్ని కొట్టే కొరడా. ఆక్స్‌టర్ అంటే..." ఆగి, తండ్రి వంక జాలిగా చూసింది. "చంక, బాపూ."

మల్లయ్య గారు కుర్చీ వెనక్కి జరుపుకున్నారు. "అంటే మా నాయిన చంక గురించి ఊరంత చెప్పుకున్నరు అన్ననా నేను?"

"అన్నవు బాపూ."

"నేనైతే పిల్లను చంకతోని రమ్మన్న" అని మా అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నర్సింహ మామ సకినాల డబ్బాకు మూత పెట్టేశాడు. సంబంధం పోయిందనడానికి అంతకన్నా ఏం కావాలి? నిజం చెబుతున్నాను, నాకు ఏడుపొచ్చింది. నవ్వులపాలైనందుకు కాదు, ఆ అమ్మాయి ఇక దక్కదని.

స్వప్న టైం చూసుకుని లేచింది. "పోయేముందు ఒక్కటి అడుగుత. ఇది ఇంగ్లీష్ కాదు, పరేషాన్ కాకండి. పెళ్లయినంక నాకు, మీ అమ్మకు మాటామాటా అయిందనుకోండి. తప్పెవరిదంటరు?"

అలవాటు కొద్దీ నోరు తెరిచాను. అమ్మ నన్నే చూస్తోంది. స్వప్న నన్నే చూస్తోంది. ఎంత వెతికినా ఒక్క అబద్ధమూ దొరకలేదు.

"తెల్వదండీ" అన్నాను.

"ఇగ ఈయనతోని సంసారం నడుస్తది బాపూ" అని స్వప్న ఐడీ కార్డు సర్దుకుని డ్యూటీకి వెళ్లిపోయింది.

పెళ్లిలో పంతులుగారు చేయించిన ప్రమాణాలకు నేను సొంతంగా ఇంకొకటి కలుపుకున్నాను. అర్థం తెలియని మాటకు ఈ జన్మలో అర్థం చెప్పను. నాలుక మరీ దురద పెడితే, స్వప్న డ్యూటీలో ఉన్నప్పుడు మాత్రమే చెబుతాను.