ఎడమకు తిప్పితే గరగర

నేను కారు నేర్చుకుని అప్పటికి నెల కూడా కాలేదు. స్టీరింగ్ ఎడమకు తిప్పితే చాలు, ముందు చక్రం దగ్గర గరగరమని చప్పుడు. "ఎక్కడనో గుద్దినవ్, చెప్తలేవు" అని మా ఆయన నామీదే పడ్డారు. నేను ఎక్కడా గుద్దలేదు. అయినా తాళంచెవి లాక్కుంటారేమోనని భయం పట్టుకుంది.

ఆయన డ్యూటీకి వెళ్లగానే మెకానిక్ దగ్గరికి బయలుదేరాను. మా అత్తమ్మ కూడా ఎక్కింది. మట్టెవాడలో మలుపు తిరుగుతుంటే ఆ చప్పుడు ఎంత గట్టిగా వచ్చిందంటే, బెదిరిపోయి కారును నడిరోడ్డు మీదే ఆపేశాను. వెనక ఆటోల హారన్లు. అత్తమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

మెకానిక్ చక్రం విప్పి, లోపలికి చూసి నవ్వాడు. స్ప్రింగుకు ఇనుప తీగతో కట్టిన గుర్రపు నాడా ఒకటి వేలాడుతోంది. తీగ వదులై, ఎడమకు తిప్పినప్పుడల్లా అది చక్రానికి ఒరుసుకుంటోంది.

"మేడం, గిదెవరు కట్టిన్రు?" అన్నాడు.

అత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "దిష్టి తగలొద్దని ముందట కడితే మావోడు పీకి పారేస్తాండు బిడ్డా. నువ్వొక్కదానివే కారేసుకొని పోతాంటే నా పాణం ఊకుంటదా?"

నాకు కోపం రావాల్సింది, రాలేదు. మోకాళ్ల నొప్పులతో నేలమీద కూర్చుని, ఆ సందులో చెయ్యి పెట్టి తీగ ఎలా చుట్టిందో అనుకున్నాను.

సాయంత్రం మా ఆయన అడిగితే, నాకంటే ముందే అత్తమ్మ "రాయి ఇరికిందట" అంది.

నాడా ఇప్పుడు నా సీటు కింద ఉంది. ఈ పేజీ చదివితే తప్ప ఆయనకు తెలియదు.