ఫాటక్ ఇల్లు ఏ పక్క

రిటైరైన కొత్తలో మా బావ సూరిబాబు గెడ్డం పెంచాడు. కొన్నాళ్లకి తీసేశాడు. ఆ తర్వాత ఊళ్లో వాళ్లు పారేసిన థర్మోకోల్ ఏరుకురావడం మొదలుపెట్టాడు. గెడ్డం దగ్గరే ఆగిపోయి ఉంటే మా అక్క ప్రాణానికి హాయిగా ఉండేదని అప్పట్లో నేను చాలాసార్లు అనుకున్నాను.

నేను రాయపూర్‌లో ఒక ఇనుము వ్యాపారి ఆఫీసులో పని చేస్తాను. ఆఫీసు పక్కనే ఫ్రిజ్‌లూ టీవీలూ అమ్మే పెద్ద కొట్టుంది. ఆ సంగతి తెలిసిన రోజు నుంచీ బావ నన్నూ నా స్కూటర్నీ స్థిమితంగా ఉండనివ్వలేదు. ఫ్రిజ్ అడుగున వచ్చే దళసరి దిమ్మల్ని వెనక సీటుకి తాడుతో కట్టి, గాలికి ఎగిరిపోకుండా ఒక చేత్తో పట్టుకుని వస్తుంటే చౌక్‌లో ట్రాఫిక్ పోలీసు కూడా నవ్వాడు. అక్కని ఇచ్చుకున్నాక ఇలాంటివన్నీ పడాల్సిందే.

బావ ఛోటీ రైల్‌లో గార్డుగా చేశాడు. రాయపూర్ నుంచి ధమ్తరీ వెళ్లే చిన్న పట్టాల బండిని ఇక్కడందరూ అలాగే పిలిచేవారు. ఊరి నడుమ నుంచి, తెలీబంధా మీదుగా, భోజనం చేసి షికారుకి బయల్దేరిన మనిషిలా తాపీగా పోయేది. మా నాన్న అదే లైను మీద గేట్‌మన్. శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చి, తెలీబంధా దాటాక ఒక ఫాటక్ దగ్గర గేటు వేస్తూ తీస్తూ సర్వీసంతా గడిపాడు. ఇక్కడి వాళ్లు రైలు గేటుని ఫాటక్ అంటారు, మేమూ అంతే. ఫాటక్‌ని ఆనుకుని మా ఇల్లు. ఒక గది, ముందు అరుగు, పక్కన చేతిపంపు, అక్క పాకించిన బీరపాదు. రోజూ పొద్దున్న బావ బండి వెనక పెట్టెలో నిలబడి, పచ్చజెండా చూపిస్తూ మా ఇంటి ముందు నుంచి పోయేవాడు. రూలు ప్రకారం చూపించాల్సిన దానికంటే ఎక్కువసేపు చూపిస్తున్నాడని నాన్నకి అనుమానం వచ్చింది. అనుమానం నిజమే అయింది, పెళ్లీ అయింది.

తర్వాత లైను ఎత్తేశారు. పట్టాలు పోయిన చోట పెద్ద రోడ్డొచ్చింది. మా ఇల్లూ పోయింది. అది రైల్వే ఇల్లు కాబట్టి మేం అడగడానికి ఏమీ లేదు. దానికి ఒక్క ఫోటో కూడా లేదు, ఎందుకంటే కెమెరా ఉన్న చుట్టం మాకెవరూ లేరు. అమ్మా నాన్నా అంతకు ముందే కాలం చేశారు.

ఒక రోజు అక్క కూర తరుగుతూ తరుగుతూ చెయ్యి ఆపేసింది.

"అమ్మ మొకం గుర్తున్నాది గానీ, అమ్మ కూకునే అరుగు గుర్తు రావట్నేదు. మెట్టు ఎటేపుండేదో తెలట్నేదు. ఇంకొన్నాళ్లకి అమ్మ కూడా ఇలాగే ఎల్లిపోద్దేటి" అంది.

మా అక్క అప్పలనరసమ్మ ఉల్లిపాయలకి కూడా కంటనీరు పెట్టని మనిషి. ఆ రోజు దొండకాయల ముందు కూర్చుని ఏడ్చింది. నేను దొండకాయల పళ్లెం పక్కకి జరిపాను. బావ మాత్రం గోడ మీది పాత విజిలు వైపు ఒకసారి చూసి, "నాను కట్టి సూపిస్తాను, ఉండు" అన్నాడు.

అలా ముందుగదిలోకి థర్మోకోల్ వచ్చింది. ఒక పాత తలుపు చెక్కని రెండు బల్లల మీద పరిచాడు. ఒక కొసన తెలీబంధా స్టేషను, మధ్యలో ఫాటక్, అవతల ధమ్తరీ వైపు తిరిగే మలుపు. అంతే, మా బతుకంతా గడిచిన ముక్క. పట్టాల కింద గట్టుని మొదట అక్క కూరగాయల చాకుతో చెక్కాడు. ఇల్లంతా తెల్లటి పూసలు ఎగిరి, పప్పులోనూ పక్కబట్టల్లోనూ తేలాయి. తర్వాత కాల్చిన తీగతో కోస్తే వెన్నలా తెగుతుందని కనిపెట్టి, ఆ తీగని తానే పుట్టించినట్టు మురిసిపోయాడు. రంగు దగ్గర మాత్రం అసలు రైల్వే మనిషి బయటపడ్డాడు. రంగంటే ఆయిల్ పెయింటే అన్నాడు, దానికి థిన్నరు కలపకపోతే అది పెయింటే కాదన్నాడు. చెక్కిన గట్టుకి ఎర్రగా పూసి, ఆరబెట్టి, టీ తాగి వచ్చేసరికి గట్టు థిన్నరుకి కరిగి, కూలబడి గుంటలు పడింది. "పునాది బాగోలేదు" అన్నాడు, ఇంజనీరులా. రెండోసారి గోడల డిస్టెంపరుతో సరిపెట్టుకున్నాడు.

కాలనీలో మిగతా ఆడవాళ్లు మేడ మీద వడియాలు ఎండబెడితే మా అక్క వాడేసిన టీపొడి ఎండబెట్టేది. అది ఆ లైను పక్కన మట్టి. కోసిన పొలాల కోసం తిల్దా బియ్యం మిల్లుల నుంచి ఊక వచ్చింది. స్నానం స్పాంజికి పచ్చరంగు వేసి, అక్క పుట్టింటి మీద ఒట్టు పెట్టి ఎవరికీ చెప్పొద్దని నన్ను బతిమాలి, మిక్సీలో తిప్పి చెట్లకి ఆకులు చేశాడు. చెప్పాల్సిన పనిలేకుండానే మర్నాటి కొబ్బరి పచ్చడి చెప్పేసింది. అక్క ఆ పూట బావకి పచ్చడి లేకుండా ఇడ్లీ పెట్టింది.

ఇంత గొడవలోనూ ఇల్లొక్కటే ఎవరికీ చూపించలేదు. దాని మీద ఎప్పుడూ ఒక గంఛా, అంటే భుజం మీది తువ్వాలు, కప్పి ఉంచేవాడు. అక్క అటు తొంగి చూస్తే, "సిగ్నల్ పడనేదు" అనేవాడు.

సిగ్నల్ ఒక ఆదివారం పొద్దున్న పడింది. గోల్ బజార్లో కొన్న బ్యాటరీ ఇంజనుకి అట్టపెట్టెలు తగిలించి, తెలీబంధా నుంచి పచ్చజెండా ఊపాడు. బండి కదిలింది. బావ గంఛా తీశాడు. మా ఇల్లు నిజంగా మా ఇల్లులాగే ఉంది. సున్నం పెచ్చులూడిన గోడ, అరుగు, పంపు, పచ్చదారంతో పేనిన బీరపాదు.

అక్క కొంగుతో చేతులు తుడుచుకుని వంగి చూసింది. చాలాసేపు చూసింది.

"ఇల్లు మాదే" అంది. "సోటు మాది కాదు."

"ఏటన్నావు?" అన్నాడు బావ.

"అటేపు పెట్టీసావు. తెలీబంధా నుండి ధమ్తరీ ఎల్తంటే మా ఇల్లు కుడేపు. నువ్వు ఎడమేపు పెట్టినావు."

"ఎడమేపే. నాను డూటీ సేసిన లైనే అది."

"నువ్వు డూటీ సేసినావు. మేం అక్కడ పుట్టి పెరిగినాం."

బావ నా వైపు తిరిగాడు. నేను అడకత్తెరలో పోకచెక్కనయ్యాను. అయినా నిజం నిజమే కదా, కుడివైపే అని చెప్పాను. "నీకేటి తెలుసు, నువ్వప్పుడు లాగు ఏసుకునీవోడివి కాదు" అన్నాడు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లనే రకం మా బావ. పోనీ ఎటో ఒకటి, ఇల్లు కుదిరిందిగా అని నేను సర్దబోయాను.

"ఎటో ఒకటేట్రా" అంది అక్క. ఆమె గొంతు పెరగలేదు, దానికే నాకు భయం వేసింది. "పొద్దున ఎండ సీదా అరుగు మీద పడేది. అమ్మ ఆ ఎండలో కూకుని నాకు జడేసేది. అటేపు పెడితే అరుగు మీదకి పొద్దున ఎండ రాదు. అక్కడ అమ్మ కూకోదు. ఇది సూసినాక నాకు గుర్తున్న కాసింత కూడా సెదిరిపోతన్నాది. దాని మీద గుడ్డ కప్పీయండి."

అని వంటింట్లోకి వెళ్లిపోయింది. గంఛా నేనే కప్పాను.

బావ వారం రోజులు గంఛా ఎత్తనూ లేదు, తీగ ముట్టనూ లేదు. లైను లేదు, ఇల్లు లేదు, ఫోటో లేదు, ఎవరిది నిజమో తేల్చేదెవరు? చివరికి, "పరదేశి సెప్తాడు, పద" అన్నాడు. పరదేశి అదే ఛోటీ రైల్‌కి డ్రైవరు. ఇప్పుడు తిల్దాలో కొడుకు దగ్గర ఉంటున్నాడు. మాకు ఊక పంపింది కూడా ఆయనే. లోకల్ బండి ఎక్కాం. బావ ఎప్పటిలాగే ఇంజనుకి వీపు పెట్టి కూర్చున్నాడు. ఎదురు సీటు ఖాళీగా ఉన్నా అలాగే కూర్చుంటాడు, అలవాటు.

పరదేశి వాకిట్లో మంచం వాల్చి కూర్చోబెట్టాడు. సంగతి విని, క్షణం ఆలోచించకుండా, "కుడేపే. నాను ఈలేయగానే మీ మావ కుడేపు జెండా అట్టుకుని నిలబడేవోడు" అన్నాడు.

"నువ్వు కూడా దాని పార్టీయేనేటి" అన్నాడు బావ.

"పార్టీ ఏటి బావూ. నాను ముందు నుండి సూసినోడిని."

ఆ మాట అన్నాక పరదేశి తానే ఆగిపోయాడు. కాసేపు బావని ఎగాదిగా చూశాడు. తర్వాత మోకాళ్లు పట్టుకుని లేచి, "లెగు. బండిలో ఎలా నిలబడీవోడివో అలా నిలబడు" అన్నాడు. తను వీధి వైపు ముఖం పెట్టి, ఇంజను నడిపే లేని రెగ్యులేటరు పిడి మీద చెయ్యేసి నిలబడ్డాడు. బావ ఆయన వెనక, ఆయన వీపుకి వీపు ఆనించి, ఇంటి వైపు ముఖం పెట్టి నిలబడ్డాడు. గార్డు ఎప్పుడూ వదిలి వచ్చిన దారినే చూస్తాడు కదా, అలాగే.

"ఫాటక్ వచ్చీసింది" అన్నాడు పరదేశి. "ఇల్లెక్కడ?"

పరదేశి కుడిచెయ్యి చాపాడు. బావ ఎడమచెయ్యి చాపాడు. రెండు చేతులూ ఒకే గోడ వైపు చూపించాయి. ఆ గోడ మీద ఆరేసిన లుంగీ ఉంది. నేను పగలబడి నవ్వాను, పరదేశీ నవ్వాడు. బావ మాత్రం ఆ చెయ్యి దించడం మర్చిపోయి, గోడనే చూస్తూ ఉండిపోయాడు.

"మరి తిరుగు బండిలో చూడలేదా?" అని అడిగాను.

"సాయంత్రం బండికి సీకటడిపోయేది. ఏటీ కనపడేది కాదు."

వచ్చేటప్పుడు కూడా బావ ఇంజనుకి వీపు పెట్టే కూర్చున్నాడు. కిటికీలోంచి వెనక్కి పోతున్న పొలాలు చూస్తూ అన్నాడు.

"ఒరే మోహనా, ఆ ఇల్లు ఎదురొస్తంటే నానెప్పుడూ సూడనేదురా. దాటీసినాకే సూసేవోడిని. మీ అక్క పంపు కాడ నిలబడేది. సిన్నదైపోయి, ఇంకా సిన్నదైపోయి, మలుపు కాడ కనపడకుండా పోయేది. ఎన్నేళ్లు సూసినా అంతే. దగ్గరకొస్తంటే ఎలాగుంటాదో నాకు తెలదు."

పుట్టి బుద్ధెరిగిన దగ్గర నుంచీ ఈ మనిషిని ఆటపట్టించడమే నా పని. ఆ రోజు బండిలో మాత్రం నాకు జాలేసింది, దుఃఖమూ వచ్చింది. వేరుశనక్కాయలు కొని సగం ఆయన చేతిలో పోశాను.

ఇంట్లో అడుగుపెడుతూనే బావ, "నువ్వన్నదే రైటు. కుడేపే" అని అక్కకి చెప్పాడు. పెళ్లయ్యాక ఆ మాట ఆయన నోట రావడం నేను వినలేదు. అక్క కూడా విని ఉండదు, ఎందుకంటే చేతిలో గరిటె అలాగే పట్టుకుని నిలబడిపోయింది. మిగతా సంగతి వంటింట్లో నేను చెప్పాను. పరదేశి వాకిలీ చెప్పాను, బండిలో అన్న మాటలూ చెప్పాను. అక్క గిన్నె కింద మంట తగ్గించింది.

మర్నాడు పొద్దున్న బావ తీగ కాల్చి, ఇంటినీ పంపునీ ఆ దిమ్మతో సహా కోసి తీశాడు. అన్నాళ్లు చెక్కిన గట్టునే కోశాడు. నేను చెక్క పట్టుకున్నాను. దిమ్మని పట్టాల అవతలికి మార్చి, అరుగు పట్టాల వైపు వచ్చేలా తిప్పి అతికించాడు. కోసిన గుంటలో ప్లాస్టరు నింపి టీపొడి చల్లాడు. ఈ హడావుడిలో బీరపాదు తెగింది. పిలవకుండానే అక్క సూదీ దారం పట్టుకొచ్చి, మళ్లీ పాకించింది. తర్వాత మేం ముగ్గురం కలిసి చెక్క మొత్తాన్ని తూర్పు కిటికీకి సరిపడా జరిపాం.

ఎండ వచ్చి అరుగు మీద పడింది.

అక్క చూపుడువేలు అరుగు మీద పెట్టి, మెల్లగా పక్కకి జరిపింది. "మెట్టు పంపేపుండేది" అంది. "సిన్న రాయి ఏసేవోడు నాన్న. కదిలిపోయేది. అమ్మ రోజూ తిట్టేది." బావ వెంటనే ఒక చిన్న ముక్క చెక్కి అక్కడ పెట్టాడు. "కొంచెం వంకరగా పెట్టు" అంది. వంకరగా పెట్టాడు. ఇక అక్క ఆగలేదు. అమ్మ నూనె గిన్నె ఎక్కడ పెట్టేదో, జడ ఎంత గట్టిగా లాగేదో, బండి చప్పుడు వినపడితే దువ్వెన జుట్టులోనే వదిలేసి ఎలా లేచేదో, నాకే తెలియని మా ఇంటిని నాకు చెప్పింది. చెబుతూ నవ్వింది కూడా.

బావ చెక్క అవతలి కొసకి, మలుపు దగ్గరికి వెళ్లాడు. నడుం పట్టుకుని వంగి, పట్టాల ఎత్తుకి కళ్లు దించి, వెనక్కి మా ఇంటి వైపు చూశాడు.

"కనపడతన్నాది. ఎడమేపే" అన్నాడు.

అక్క ఫాటక్ దగ్గరే నిలబడి ఉంది.

"మోహన అంతా సెప్పినాడు" అంది. "నాను దూరమైపోతంటేనే సూసినావంట. లెగు. ఇదిగో, వస్తన్నాను, సూడు."

సూదిని కొంగుకి గుచ్చుకుని, చెక్క పక్క నుంచి మెల్లగా ఆయన వైపు నడిచింది. బావ నిటారుగా నిలబడి, ఆమె దగ్గరికి వచ్చేదాకా రెప్ప వెయ్యకుండా చూశాడు.