మస్తాన్‌బీ చల్లిన నీళ్లు

గాలిలో దుమ్మెంత ఉందో ఉపగ్రహం పైనుంచి చూసి చెబుతుంది. అది చెప్పింది నిజమో కాదో తేల్చుకోవడానికి, అది నెత్తిమీదుగా వెళ్లే వేళకు మేము నేలమీద యంత్రం పెట్టి కొలుస్తాం. ఈ రోజు ఆ పనిమీదే కడప నుంచి మంగంపేట వెళ్లాను. యంత్రం పెట్టుకోవడానికి ముగ్గురాయి గనుల పక్కన ఉండే మస్తాన్‌బీ తన వాకిలి ఇస్తానంది.

నేను వెళ్లేసరికి వాకిలి, ఇంటి ముందు దారి తడిసి ముద్దగా ఉన్నాయి. ఆమె బోరింగు నుంచి బిందెతో మోసుకొచ్చి ఇంకా చల్లుతూనే ఉంది.

"ఇన్ని నీళ్లెందుకమ్మా?" అన్నాను.

"ఈడ దుమ్ము శానా పాపా. దాంట్లో నువ్వెట్ల కూర్చుంటావని పొద్దున్నించీ చల్లుతాండా."

మీరు రోజూ పీల్చే ఆ దుమ్మునే నేను కొలవాలని నెమ్మదిగా చెప్పాను. ఆమె బిందె దించింది.

"అయితే గనిలో పనిచేసే మా ఇంటాయనకు దగ్గు ఎందుకొస్తాండాదో అది చెబుతాదా?"

"దగ్గు సంగతి డాక్టరే చెప్పాలమ్మా. దుమ్మెంతుందో మాత్రం ఇది చెబుతుంది."

"అదన్నా చెప్పనీ. రేపు చల్లను లే, రా."

నీళ్లకు దుమ్మంతా అణిగిపోయింది కాబట్టి ఈ రోజు కొలత ఎందుకూ పనికిరాదు. అయినా నాకు కోపం రాలేదు. ఆమె నాకోసం కుర్చీ తెచ్చి, కొంగుతో తుడవబోయి ఆగింది.

"కుర్చీ తుడవచ్చు గదా పాపా?"

తుడవచ్చమ్మా అన్నాను. మీరైతే ఇంకేమనగలరు?