రోజూ పొద్దున్నే పుట్టే కంప్యూటరు

కంప్యూటరు చెప్పిందంటే దేవుడు చెప్పినట్టే అని జనం నమ్మిన రోజులవి. చేత్తో రాసిన జాతకానికి సవాలక్ష వంకలు పెట్టేవాళ్లు కూడా, ప్రింటరు కర్రుకర్రుమంటూ కక్కిన కాగితాన్ని కళ్లకద్దుకుని మరీ తీసుకుపోయేవాళ్లు. తొంభైల నడుమ తిరుపతిలో, అలిపిరికి పోయే దారిలో, అలాంటి కంప్యూటరు జాతకాల అంగడి ఒకటి ఉండేది. దాని యజమానిని అందరూ జాతకాల సామి అనేవాళ్లు. పద్దెనిమిదేళ్ల వయసులో, ఆరు నెలల కంప్యూటరు కోర్సు చేసిన పొగరుతో నేను అక్కడ ఉద్యోగానికి చేరాను. మా నాయన చిత్తూరు దగ్గర చెరకు రైతు. నన్ను దింపిపోతూ, "నెల సూస్తా పాపా. ఉద్యోగంలో నిలిస్తే సరి. లేకుంటే ఇంటికొచ్చెయ్, సంబంధం ఒకటి సూసి పెట్టినా" అన్నాడు. (ఆ సంబంధం అబ్బాయిని నేను ఒకసారి చూసి ఉన్నాను. నా పట్టుదలకు సగం కారణం అదే.)

అంగట్లో ఉన్న ఒక్క కంప్యూటరుకూ ఒక జబ్బు ఉండేది. ఆపి మళ్లీ వేస్తే చాలు, తేదీ మరిచిపోయేది. ప్రతి పొద్దూ 1980 జనవరి ఒకటినే నిద్ర లేచేది. నేను సెట్టింగుల నీలం తెరలోకి వెళ్లి తేదీ దిద్ది, సేవ్ చేసి, పని మొదలుపెట్టేదాన్ని. నడుమ కరెంటు పోయిందా, కథ మళ్లీ మొదటికి. ఒక మధ్యాహ్నం కరెంటు వచ్చాక దిద్దడం మరిచిపోయాను. మూడో రోజు నగరి నుంచి మగ్గాలు నడిపే ఒకాయన కాగితం పట్టుకుని ఊగిపోతూ దిగాడు. "ఏం సామీ, మా పాపకు 1981లో పెళ్లి ఖాయమని రాసినారే! అప్పటికి దానికి మూడేండ్లు! ఊయల్లో ఏసి తాళి కట్టించాల్నా?" అన్నాడు. తప్పు నాది. జాతకంలో రాబోయే కాలమంతా ఆ మిషన్ తేదీ నుంచే లెక్క. సామి ఆయనకు కొత్త కాగితం ఇచ్చి పంపి నావైపు తిరిగాడు. "మే, నెల తిరిగే లోపల ఆ తేదీ నిలబడాల. లేకుంటే నువ్వు మూట సర్దుకో."

మిషన్ అమ్మినాయన ఉండేది మద్రాసులో. ఎప్పుడు ఫోన్ చేసినా రేపొస్తానంటూ "నాళైకి వరేన్" అనేవాడు. ఆ రేపు మాత్రం రాలేదు. ఇక నేనే కొంగు బిగించాను. ఒకసారి సేవ్ చేస్తే నిలవడం లేదని పదిసార్లు చేశాను. మీట మెల్లగా నొక్కి చూశాను, గట్టిగా నొక్కి చూశాను. (బతిమాలి కూడా చూశాను, ఇప్పుడు ఒప్పుకోవడానికి సిగ్గేముంది.) నా అవస్థ చూడలేక సామి ఒకరోజు, "అది పుట్టిన తేదీ రోజూ అదే సెప్తావుండాది, మనమే వినడం లేదు" అని, 1980 జనవరి ఒకటికి ఆ కంప్యూటరుకే జాతకం తీయించాడు. అదీ దాని చేతనే! కాగితం చదివి గంభీరంగా తల ఊపాడు. "ఆయుస్సు డెబ్బై ఎనిమిదేండ్లు ఉండాది. ప్రాణబలమే తక్కువ." శాంతికని దాని నెత్తిన నిమ్మకాయ కట్టాం. నిమ్మకాయ ఎండింది గానీ తేదీ మారలేదు.

నాయన రావడానికి రెండు రోజులుండగా నా చేతి గడియారం ఆగింది. ఏడుపుమొహంతో సందు చివర గడియారాల తాత దగ్గరికి పోయాను. ఆయన వెనక మూత తీసి, చిన్న బిళ్లంత బ్యాటరీ మార్చి, ముల్లు తిప్పి ఇచ్చాడు. నాకు వెంటనే మా మిషన్ గుర్తొచ్చింది. "తాతా, బ్యాటరీ అయిపోతే టైము మరిచిపోతుందా?" అన్నాను. "కడుపుకు లేకుంటే ఎవురికైనా మతి ఉంటాదా పాపా?" అన్నాడాయన. అంతే, కంటికి పెట్టుకున్న భూతద్దంతోనే ఆయన్ను అంగడికి లాక్కొచ్చాను. సామి వద్దు వద్దంటున్నా డబ్బా మూత విప్పాం. లోపల దుమ్ములో రూపాయి బిళ్లంత బ్యాటరీ! తాత దాన్ని తీసి నాలుకకు తాకించి, "సచ్చిపోయి శానా దినాలయింది" అన్నాడు. అలాంటిదే కొత్తది తెచ్చి వేసి, తేదీ దిద్ది, ఒక్కసారే సేవ్ చేశాను.

మరునాడు పొద్దున్నే మిషన్ వేశాను. తేదీ సరిగ్గా ఉంది! అక్కడే కూలబడి ఏడ్చేశాను. సామి మాత్రం మీసం దువ్వుకుంటూ, "ప్రాణబలం తక్కువని నేను ముందే సెప్పలా?" అన్నాడు. ఆ ఎండు నిమ్మకాయతోనే ఆయన్ను కొట్టాలనిపించింది.

ఆ మరుసటి రోజు నాయన వచ్చి, "సామీ, మా పాప జాతకం కూడా తీయి. ఈడ ఉంటాదా, ఇంటికొస్తాదా సూద్దాం" అన్నాడు. సామి ప్రింటరు మీద చేయి పెట్టి, మళ్లీ తీసేశాడు. "ఎందుకప్పా కాగితం దండగ? ఈ పిల్ల పట్టు పడితే గ్రహాలే తప్పుకుని దారిస్తాయి. ఈడే ఉండనీ." నాయన నన్ను ఎగాదిగా చూసి, తెచ్చిన బెల్లం అచ్చులు సామి చేతిలో పెట్టి, నన్ను అక్కడే ఉంచి బస్సెక్కాడు.

డెబ్బై ఎనిమిదేళ్ల ఆయుష్షున్న ఆ మిషన్ మరో నాలుగేళ్లకే పాత ఇనుముకు పోయింది. నేను మాత్రం అప్పటినుంచీ కంప్యూటర్ల పనిలోనే ఉన్నాను. ఇప్పుడు నా ఫోను తేదీని దానంతట అదే దిద్దుకుంటుంది. అయినా పొద్దున లేవగానే ముందు తేదీ చూస్తాను. రోజూ సరిగ్గానే ఉంటుంది. అప్పటి ఆ మొండిపిల్లకు చేయడానికి పనేమీ మిగల్లేదే అని, నవ్వొచ్చినా, కాస్త బెంగగా ఉంటుంది.