చప్పుడు లేని అయిదో తరగతి

ఫిబ్రవరిలో, వచ్చే ఏడాది అడ్మిషన్లు మొదలవుతుండగా, విజయశ్రీ టీచరును ఆమె తరగతి పిల్లలతో సహా సెల్లారులోకి దింపేశారు. బైకులు నిలిపే చోటు, పక్కనే జనరేటరు. ఆమె చేసిన తప్పల్లా ఒక్కటే, అయిదో తరగతిలోంచి చప్పుడు రావడం లేదు. రోడ్డు వైపున్న ఆ గదిని మూడో తరగతికి ఇచ్చారు. వాళ్లు బాగా అరుస్తారు.

"సరే సార్," అని కరస్పాండెంటుకు చెప్పి, ఆమె సుద్దముక్కల డబ్బా పట్టుకుని మెట్లు దిగింది. అన్యాయాన్ని ఇంత మర్యాదగా భరించేవాళ్లు ఉన్నంతకాలం చేసేవాళ్లకు ఏ ఇబ్బందీ ఉండదు.

ఎల్బీనగర్ సందుల్లో బడిని చెవులతో ఎంచుతారు. దారినపోయే తండ్రి గేటు ముందు బండి ఆపుతాడు. క్లాసు క్లాసంతా ఒక్క గొంతుతో పాఠం అప్పజెబుతుంటే విని మురిసిపోతాడు. కరస్పాండెంటు ప్రసన్నకుమార్‌కు ఈ సంగతి బాగా తెలుసు. పక్క సందులో పెద్ద బడి ఒకటి తెరిచినప్పటినుంచి ఆయనకు స్థిమితం లేదు.

"రోడ్డు మీద నిలబడితే బడిలా వినబడాలండీ మేడమ్, మీదేమో ఆసుపత్రి వార్డులా ఉంది," అన్నాడు.

విజయశ్రీ కూడా ఒకప్పుడు పిల్లలచేత అలాగే అరిపించేది. తరగతిలో అందరికంటే పెద్ద గొంతు జ్యోతికది. ఒకరోజు ఎందుకో ఆ పిల్లను ఒంటరిగా లేపి చదవమంది. జ్యోతిక గడగడా చదివేసింది. వేలు మాత్రం బొమ్మ మీద ఉంది. ఇంకా వల్లె వేయించని పాఠం తీసి చదవమంటే నోరు పెగల్లేదు. అయిదేళ్లూ గుంపులో గోవింద!

ఆ సాయంత్రం మెట్రోలో విజయశ్రీకి కూర్చోబుద్ధి కాలేదు. ఇంకెంతమంది? మర్నాడు ఒక్కొక్కర్నీ పిలిచి విన్నది. సగం తరగతి అంతే.

వల్లె వేయించడం ఆపేసింది. పిల్లవాడి పక్కన కూర్చుంటుంది. అక్షరాల కింద ఇద్దరి వేళ్లూ కదులుతాయి, ఇద్దరూ కలిసి చదువుతారు. ముందు ఆమె గొంతు పైన ఉంటుంది. అదే పేరా మళ్లీ చదివేటప్పుడు తగ్గిస్తుంది. చివరికి పిల్లవాడి గొంతొక్కటే మిగులుతుంది. అది పక్క బెంచీకి కూడా వినబడదు. ఇక గేటుకేం వినబడుతుంది?

సెల్లారులోకి దిగిన వారానికి జ్యోతిక తల్లి కిష్టమ్మ వచ్చింది. దిల్‌సుఖ్‌నగర్ మెట్రో పిల్లర్ల కింద సపోటాల బండి ఆమెది. వస్తూనే అందుకుంది.

"మా పోరి ఇంట్ల రైలు లెక్క చదివేది మేడం! గిప్పుడు ఒక్కో మాట కాడ ఆగుతున్నది. ఉన్న చదువు గూడ పోగొట్టిన్రా ఏంది? టీసీ ఇయ్యున్రి, పక్క బళ్లేస్త."

పక్క బడిలో చేరితే జ్యోతిక మళ్లీ గుంపులో దాక్కుంటుంది. ఈసారి ఎవరికీ దొరకదు. విజయశ్రీ జ్యోతికను పిలిచి, ఒక కథల పుస్తకం తీసింది.

"అక్కా, జర కూసో. గీ కథల పుస్తకంల ఏ పేజన్న నువ్వే తియ్యి."

"నాకు చదువొస్తదా, ఎగతాళి చేస్తున్నవా?"

"నీకు రాకున్నా మంచిదే. తియ్యి."

కిష్టమ్మ విసురుగా ఒక పేజీ తీసింది. జ్యోతిక మొదలుపెట్టింది. ఆగింది, వెనక్కి వెళ్లింది, మళ్లీ కదిలింది. ఒక ముసలమ్మ మేకతో బస్సెక్కింది. కండక్టరు మేకకూ టికెట్టు తీయమన్నాడు.

"మేకకు టికెట్టా? వానికేం పుట్టింది!" కిష్టమ్మ కసిరింది. "తీసుకున్నదా లేదా?"

"అది ఆడ ఉన్నదమ్మా, అవతలి పేజీల."

"మరి తిప్పవేందే!"

విజయశ్రీ నెమ్మదిగా అడిగింది. "ఇన్నొద్దులు రైలు లెక్క చదివింది గదక్కా, అండ్లకెల్లి ఒక్క కథ నువ్వు చెప్పు."

"ఉరికే రైల్ల ఎవ్వలున్నరో ఏం కనవడ్తది మేడం," అంది కిష్టమ్మ.

టీసీ మాట ఆమె మళ్లీ ఎత్తలేదు. మెట్ల మీదనుంచి వింటున్న ప్రసన్నకుమార్ మాత్రం, "సోమవారం నుంచి వల్లె వేయించాల్సిందే. లేదంటే మీ దారి మీరు చూసుకోండి," అన్నాడు.

"నా పిల్ల గిట్లనే చదువుతది సార్," అని కిష్టమ్మే జవాబిచ్చింది. ఒక్క తల్లి మాట. గేటు ముందు మురిసిపోయే తండ్రులు వందమంది.

సోమవారం ఇంకా రాలేదు. సెల్లారులో ఇంకా పది మంది పిల్లల వంతు మిగిలే ఉంది.

ఈ వేసవిలో బడి వెతుక్కునే అమ్మానాన్నలారా, గేటు ముందు నిలబడి వినకండి, లోపలికి వెళ్లండి. "పిల్లలచేత ఒక్కొక్కరిగా చదివిస్తారా?" అని అడగండి. చదివించే టీచరు కనబడితే, ఆమె పనే మాకు కావాలని యాజమాన్యానికి గట్టిగా చెప్పండి. మీ ఇంటి పక్క వాటాలోనో మీ అపార్ట్‌మెంటు వాచ్‌మన్ గదిలోనో బడికెళ్లే పిల్ల ఉంటే, ఈ సాయంత్రమే పక్కన కూర్చుని తెలియని కథ ఒకటి చదివించుకోండి. తడబడితే తొందరపెట్టకండి. తర్వాత ఏమైందో అడగండి.