మక్కజొన్న పర్దా

అక్తరీ బేగంది మా పక్కిల్లు. పటాన్‌చెరు బజారులో వాళ్లాయన అబ్దుల్ కరీంకు గాజుల దుకాణం. ఊళ్లో ఆడవాళ్ల చేతులన్నీ ఆయనకు తెలుసు, ఆయన భార్య మొహం మాత్రం ఊరికి తెలియదు. పరాయి మగవాళ్లకు గొంతు కూడా వినపడకూడదు, అదీ ఆ ఇంటి పద్ధతి. ఆమెకు లోకమల్లా ఇంటి వెనక పెరడే.

ఆ పెరట్లో ఏ మొక్కనూ ఒంటరిగా ఉండనిచ్చేది కాదు. మక్కజొన్న మొలవగానే పక్కన చిక్కుడు గింజ పెట్టేది, తీగ కంకి దాకా పాకేది. కింద గుమ్మడి ఆకు నేలను కప్పి తడి ఆరనిచ్చేది కాదు. వంకాయల పక్కన బంతి, జామచెట్టు నీడన పుదీనా.

"దేనికైన జోడీ ఉండాలె సావిత్రమ్మక్కా. ఒక్కటే ఉంటే పరేషాన్ అయితది," అనేది.

"మరి నీకో?"

"గివన్ని లేవా నాకు?" అని నవ్వేది.

డెబ్బైల్లో చుట్టూ ఫ్యాక్టరీలు లేచాయి, కిరాయి గదులకు గిరాకీ పుట్టింది. కరీం పెరడు చివర రెండు గదులు వేసి, ఫ్యాక్టరీలో పనిచేసే నర్సింహులుకూ అతని తమ్ముడికీ ఇచ్చాడు. ఇంకేముంది! పెరట్లో పరాయి మగవాళ్లు. అక్తరీ వంటింటి గడప దాటడానికి లేకపోయింది. ఎండాకాలం వంగ మొక్కలు నీళ్లు లేక వాడిపోతుంటే కిటికీ సందులోంచి చూసి ఏడ్చేది. నాకైతే ఒళ్లు మండిపోయేది.

తొలకరి పడింది. వాళ్లు డ్యూటీకి పోయిన వేళ చూసి, గదులకు అడ్డంగా మక్కజొన్న ఒత్తుగా విత్తింది, చిక్కుడు అల్లించింది. శ్రావణానికల్లా మనిషెత్తు దడి లేచింది. దాని చాటున మళ్లీ పెరట్లో అడుగుపెట్టింది.

"సూస్తివా అక్కా, నా పర్దా నేనే ఏసుకున్న!" అన్నప్పుడు ఆమె మొహం చూడాలి!

కంకులు కోశాక చొప్ప ఎండి ఒరిగింది. "జెర గట్టి పర్దా ఏదన్న కట్టియ్యుండ్రి," అని మొగుణ్ణి అడిగింది. ఎక్కడ కట్టాలో చెప్పలేదు, అదే కొంప ముంచింది. కరీం మేస్త్రీలను పిలిచి, వంటింటి గడపకు రెండడుగుల అవతలే ఇటుక గోడ లేపించాడు. బావి, జామచెట్టు, మొక్కలు అన్నీ అవతలే పోయాయి. నీళ్లు తేవడానికి మనిషిని కూడా కుదిర్చాడు.

"ఇగ నీకే పరేషానీ లేదు," అన్నాడట. మంచివాడే, నా బాధంతా అదే.

"గోడ జెర జరుపుమని అడుగరాదే?" అన్నాను.

"కట్టినంక ఎవరు కూలగొడ్తరక్కా?"

మళ్లీ తొలకరి వచ్చింది. నేను ఆమె వంటింట్లోనే ఉన్నాను. గోడ అవతల పార చప్పుడు.

"తమ్మీ, ఒట్టి మక్కలే ఏద్దాం. గీ పోయినేటి చిక్కుడు గింజలు పారెయ్," అంటున్నాడు నర్సింహులు.

పిండి కలుపుతున్న చేతులతోనే అక్తరీ గోడ దగ్గరికి ఉరికింది.

"పారెయ్యకుండ్రి! మక్క మొలిచినంక పక్కన పెట్టుండ్రి! తీగకు ఆసర దొరుకుతది!"

పార ఆగింది.

"ఎవరమ్మా అది?"

ఏడాదికి పైగా అదే ఇంట్లో కిరాయికి ఉంటున్న మనిషి అడిగాడు ఆ మాట. అక్తరీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ మాట అన్నది నేనేనని చెప్పమని సైగ చేసి, రెండు చేతులా నాకు మొక్కింది.

"నేనే, పక్కింటి సావిత్రమ్మను," అన్నాను.

"గట్లనే పెడ్తం తియ్యమ్మా," అన్నాడు నర్సింహులు.

అక్తరీ వచ్చి మళ్లీ పిండి ముందు కూర్చుంది.